కార్పెట్ ఖర్చు లెక్క

అమెరికాలో కొత్త కార్పెట్ వేయించదలచిన కుటుంబం గది వైశాల్యాన్ని ధరతో గుణించి ఊరుకుంటే బడ్జెట్ తప్పుతుంది. కార్పెట్ చుట్ట అక్కడ సాధారణంగా 12 అడుగుల వెడల్పుతో వస్తుంది కనుక, 11 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గది 165 చదరపు అడుగులే అయినా, కనీసం 180 చదరపు అడుగులకు, అంటే 20 చదరపు గజాలకు డబ్బు కట్టవలసి వస్తుంది; వెడల్పు 13 అడుగులైతే అదనపు ముక్క కొని అతుకు వేయించక తప్పదు. అడుగున పరిచే మెత్తని పొర అయిన ప్యాడ్, గోడల వెంట అంచును పట్టి ఉంచే మేకుల పట్టీలు, పాతదాన్ని తొలగించే కూలి, మెట్ల పని బిల్లులో విడిగా చేరవచ్చు. ప్యాడ్ నాసిరకమైతే ఖరీదైన కార్పెట్ కూడా త్వరగా అణిగిపోతుంది కాబట్టి అక్కడ పొదుపు తగదు. పని ఒప్పుకునే ముందే ప్రతి పద్దునూ రాతపూర్వకంగా తీసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.