ఒక్కడికే పట్టే పడవ

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "సార్, పాత విద్యార్థిగా మన సంచికకి మీ అనుభవం ఏదైనా రాయండి" అన్నప్పుడు నేను స్టాక్‌హోంలో ఒక పడవల యార్డులో, మంచులో, ఉప్పుకాగితం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఉద్యోగంలో ఎలా పైకి వచ్చానో రాయమని ఆయన ఉద్దేశం గాబోలు. దానికి మా బ్యాచిలో నాకంటే అర్హులు బోలెడు మంది ఉన్నారు. నేను నా పడవ గురించి రాస్తాను.

నన్నెరిగిన వాళ్లు నవ్వుతారని తెలుసు. 1981 నుంచి 85 దాకా మన హాస్టలు వరండాలో కుడికాలికి క్యాలిపర్ తగిలించుకుని టకటకమంటూ నడిచిన సివిల్ కుర్రాణ్ణి నేనే. రెండో ఏట వచ్చిన పోలియో. సాయంకాలం క్రికెట్ ఆటలో నన్ను ఎప్పుడూ అంపైరుగానో, లెక్కలు రాసేవాడిగానో కూర్చోబెట్టేవారు. వేరేవాడు తప్పుడు ఎల్బీడబ్ల్యూ ఇస్తే వాణ్ణి తాతముత్తాతలతో సహా తిట్టిపోసేవాళ్లు. నేనిస్తే మాత్రం "పోన్లేరా, మనవాడేగా" అని బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒక్కడంటే ఒక్కడు నాలుగేళ్లలో నా మీద కేకలెయ్యలేదు. అది ఎంత చేదుగా ఉండేదో ఆ మంచి మిత్రులకు ఇప్పటికీ తెలీదు.

1983 జూన్‌లో కపిల్ సేన గెలిచినప్పుడు మనవాళ్లు చేసిన గోల సరే, అందరికీ గుర్తే. అదే ఏడు సెప్టెంబరులో ఇంకో సంగతి జరిగింది. అమెరికా కప్పు అనే పడవ పందెం 132 సంవత్సరాలుగా న్యూయార్కు యాట్ క్లబ్బు చేతిలోనే ఉండిపోయింది. దాన్ని 'ఆస్ట్రేలియా టూ' అనే పడవ 4-3 తేడాతో ఎగరేసుకుపోయింది. పడవ అడుగున బరువుకోసం సీసపు రెక్క లాంటిది ఉంటుంది, దాన్ని కీల్ అంటారు. బెన్ లెక్సెన్ అనే ఆయన దానికి మళ్లీ చిన్న రెక్కలు తగిలించాడు. పోటీ అయ్యేదాకా ఎవరికీ కనపడకుండా దాని చుట్టూ గుడ్డ కట్టి దాచారట. రీడింగు రూంలో ఆ వార్త చదివి ఎందుకో తెగ సంబరపడ్డాను. కాళ్లతో పనిలేని ఆట ఒకటి కనపడిందని గాబోలు.

నిజానికి అంతకుముందే ఒక పడవ ఉంది. మాది గోదావరి కాలవ గట్టున ఊరు. మా తాత ధాన్యం పడవ నడిపేవాడు. గాలి లేనప్పుడు మనుషులు గట్టుమీద నడుస్తూ తాడుతో పడవని లాగాలి. నేను నడవలేను కాబట్టి తాత నన్ను వెనకాల కూర్చోబెట్టి, "నువ్వు చుక్కాని పట్టరా నాన్నా" అనేవాడు. లారీలొచ్చాక ఆ పడవ పొయ్యిలోకి వెళ్లింది. అంతే దాని కథ.

2017 శరదృతువులో మా ఇంటి దగ్గరి యార్డులో ఒక మూల, చిరిగిన టార్పాలిన్ కింద, నాలుగు మీటర్ల పడవ ఒకటి కనిపించింది. చూడగానే గుండె ఝల్లుమంది. అచ్చం 1983 నాటి ఆ పెద్ద పడవల పోలిక. అదే సన్నటి ముక్కు, అదే నడుము. తీసి బొమ్మల కొలువులో పెట్టుకునేలా ఉంది.

ఆ పెద్ద పడవల్ని పన్నెండు మీటర్ల తరగతి అంటారు. అసలు పొడవు ఇరవై మీటర్లు! పన్నెండు అన్నది ఒక సూత్రంలోంచి వచ్చే అంకె: పడవ పొడవు, నడుం చుట్టుకొలతల్లో తేడాకి రెండింతలు, తెరచాప వైశాల్యానికి వర్గమూలం, ఈ మూడూ కూడి, నీటిపైన గోడ ఎత్తు తీసేసి, 2.37తో భాగించాలి. వచ్చింది పన్నెండు మించకూడదు. ఒకటి పెంచుకుంటే ఇంకోటి తగ్గించుకోవాలన్నమాట. అదే సూత్రంలో పన్నెండుకి బదులు 2.4 వేస్తే నాకు కనిపించిన బుల్లి పడవ వస్తుంది. పీటర్ నార్లిన్ అనే స్వీడన్ డిజైనరు గీసిన మార్క్ త్రీ నమూనా అది.

మన సివిల్ వాళ్లకి ఇక్కడో తమాషా లెక్క. పొడవు అయిదో వంతు అయితే తెరచాప ఇరవై అయిదో వంతు, బరువు నూట ఇరవై అయిదో వంతు కావాలి. పెద్ద పడవ ఇరవై అయిదు టన్నుల పైమాట, చిన్నది సుమారు 260 కిలోలు. అంటే దాదాపు సరిపోయింది. కానీ గాలి పడవని పడదోసే బలం ఘనం లెక్కన తగ్గితే, పడవ తిరిగి లేచి నిలబడే బలం నాలుగో ఘాతం లెక్కన తగ్గిపోతుంది. పైగా పెద్దదాంట్లో పదకొండుమంది ఉంటారు. వాళ్లందర్నీ ఈ లెక్కన కుదిస్తే ఏడు కిలోల పసిపిల్లాడు తేలతాడు. చిన్నదాంట్లో ఎక్కేది మాత్రం నిండు మనిషే. అందుకని ఆ మనిషిని అడుక్కంటా, ఎదురుగా చూస్తూ, కదలకుండా కూర్చోబెడతారు. తాళ్లన్నీ చేతికందేలా ముందుకొస్తాయి. మొత్తం బరువులో మూడింట రెండు వంతులు అడుగున సీసమే. మామూలు చిన్న పడవల్లోలా అటూ ఇటూ గెంతక్కర్లేదు. 2000 సిడ్నీ నుంచి 2016 రియో దాకా పారాలింపిక్స్‌లో ఒంటరి పోటీ ఈ పడవలతోనే పెట్టారు. ఆ తర్వాత తెరచాప పోటీలనే అక్కణ్ణించి తీసేశారు. మామూలు పోటీల్లో మాత్రం ఇప్పటికీ కాళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే గీత మీద బయల్దేరతారు.

యజమాని నడుంనొప్పి పెద్దాయన. పాత మోటారు సైకిలు ధరకి ఇచ్చేశాడు. "సీసం బాగుంది. మిగతాది నీ అదృష్టం" అన్నాడు. మా ఆవిడ వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏవండీ, ఇందులో ఇద్దరు పట్టరా?" అంది. పట్టరు అన్నాను. ఆ సంవత్సరం ఇంకేమీ అడగలేదు.

మిగతాది నిజంగానే అదృష్టం. అడుగుభాగం నిండా బొబ్బలు. ఏళ్ల తరబడి నీళ్లలో నానితే ఫైబర్‌గ్లాస్ పైపూత గుండా తేమ లోపలికి దిగి బొబ్బలు కడుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే వెనిగర్ వాసన వేసే నీళ్లు కారాయి. ఒక్కొక్కటీ గీకి, కడిగి, మళ్లీ కడిగి, ఒక చలికాలమంతా ఆరబెట్టాను. కీల్‌ని పట్టి ఉంచే బోల్టులు పైకి తళతళలాడుతున్నాయి. పడవని పట్టీలమీద వేలాడదీసి, కింద జాకీ పెట్టి, సీసం దించి చూస్తే, అతుకు దగ్గర రెండు బోల్టుల నడుం పెన్సిలంత అయింది. స్టీలుకి గాలాడకుండా తడి తగుల్తూ ఉంటే అంతే. ఆ పడవని అలాగే నీళ్లలో దింపి ఉంటే ఈ వ్యాసం మీకు తప్పేది.

ఏప్రిల్ మొదట్లో ఎండ చూసి మురిసి ఎపాక్సీ పూసేశాను. రాత్రి మళ్లీ మంచు పడింది. తెల్లారి ముట్టుకుంటే జీళ్లపాకం! కాంక్రీటు క్యూరింగుకి వేడి ఎంత అవసరమో పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు కొట్టేసినవాణ్ణి. ఆ పాకం గీకడానికి రెండు శని ఆదివారాలు పట్టింది.

ఇక్కడ క్లబ్బు సభ్యులు చలికాలంలో వంతులవారీగా రాత్రి కాపలా కాయాలి. నా వంతు వచ్చినప్పుడు మా ఆవిడ ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పట్టుకుని తోడొచ్చేది. గడ్డకట్టిన నేలమీద నా క్యాలిపర్ చప్పుడుకి దొంగలే కాదు, కుందేళ్లు కూడా పారిపోయేవి.

అసలు తగువు చుక్కాని దగ్గర వచ్చింది. ఆ పడవకి కాలితో తొక్కే పెడళ్లు ఉన్నాయి. నా కుడిపాదానికి ఆ పని రాదు. వాటిని పీకి చేత్తో తిప్పే పిడి పెడతానన్నాను. యార్డులో అందరూ గౌరవించే పాతకాపు ఒకాయన ఒప్పుకోలేదు. "పాత పడవని బాగుచేయడం అంటే ఉన్నది ఉన్నట్టు చేయడం. పెడళ్లు తీస్తే అది వేరే పడవ" అన్నాడు. నిబంధనల్లో చేతి పిడికి అభ్యంతరం లేదు. అయినా ఆయన మాట కొట్టిపారెయ్యలేకపోయాను. మూడు వారాలు పెడళ్లకి నూనె రాస్తూ, తీద్దామా వద్దా అని కూర్చున్నాను. ఎడమకాలితోనే రెండూ తొక్కుదామని షెడ్డులో కూర్చుని సాధన కూడా చేశాను. చివరికి పీకేశాను. ఆ పెడళ్లు ఇప్పటికీ మా ఇంట్లో గూట్లో ఉన్నాయి. నా తర్వాత ఎవరైనా కొంటే బిగించుకోవచ్చు.

2019 మే నెలలో క్రేను పడవని మేలరెన్ సరస్సులో దింపింది. నన్ను ఇద్దరు పట్టుకుని లోపల కూర్చోబెట్టారు. ఆ పడవ వేగం గట్టిగా నాలుగు నాట్లు. మన కాలవ గట్టుమీద సైకిలు తొక్కే కుర్రాడు దాటేస్తాడు. కానీ మొహం నీళ్లకి జానెడు పైన ఉంటే నాలుగు నలభైలా ఉంటుంది. గడ్డంమీద నీళ్లు కొట్టాయి. చేతిలో పిడి, తాత చుక్కానిలాగే, కొంచెం వణికింది.

జూన్‌లో మొదటి పందెం. పదకొండు పడవలు. దూరాన్నుంచి చూస్తే అన్నిట్లోనూ భుజాలూ తలలే. మొదటి మలుపు దగ్గర నేను ఎడమవైపు గాలితో పోతున్నాను. కుడివైపు గాలితో వచ్చేవాడికి దారివ్వడం ఈ ఆటలో మొదటి పాఠం. నాకు తెలుసు కూడా. ముందు దాటేస్తాననుకున్నాను. దాటలేకపోయాను. అవతలివాడు పడవ ఒరగేసి తప్పించుకుని, సరస్సంతా వినపడేలా అరిచాడు. కళ్లు పొట్లాం కట్టి జేబులో పెట్టుకున్నావా అన్న అర్థంలో ఏదో స్వీడిష్ మాట. నోరంతా తెరిచి, మొహం ఎర్రగా చేసుకుని, పిడికిలి చూపిస్తూ తిట్టాడు.

నేను చెయ్యెత్తి తప్పు ఒప్పుకుని, మిగతావాళ్లకి దూరంగా జరిగి, నిబంధన ప్రకారం పడవని గుండ్రంగా తిప్పడం మొదలెట్టాను. వాడు ఇంకా తిడుతూనే ఉన్నాడు. తెరచాప తలమీదుగా అటునుంచి ఇటు కొట్టింది. పంపు మోగుతోంది. నేను నవ్వుతున్నానని వాడికి కనిపించి ఉంటే ఇంకా నాలుగు తిట్టేవాడు.