అరంగుళం లెక్కలో ట్రామ్ స్టాపు!

కలకత్తా అనగానే మనవాళ్లకి రసగుల్లా, హౌరా వంతెన గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఇకమీదట ఏడు సెంటీమీటర్ల అట్టముక్క మనిషే గుర్తొస్తాడు!

సంగతేమిటంటే, మా మిత్రుడొకడు హైదరాబాదులో పదేళ్లుగా ఆర్ట్ అసిస్టెంటు. మొన్ననే తొలిసారి సొంతంగా ఒక పని చేతికొచ్చింది. పాతకాలపు కలకత్తా కథలో ట్రామ్ కోసం జనం కాచుకునే షెడ్డు. నిజం షెడ్డు వేసే డబ్బు లేదు, కెమెరా ముందు పెట్టే చిన్న నమూనా చాలన్నారు. కుదిరితే తర్వాతి సినిమా, కుదరకపోతే మళ్లీ అసిస్టెంటే! "నీకూ ఓ వ్యాసం దొరుకుతుంది, రా" అని నన్నూ రైలెక్కించాడు.

దిగింది ఎస్ప్లనేడ్ దగ్గర. అక్కడివాళ్లు ధర్మతలా అంటారు. 1902లో తొలి కరెంటు ట్రామ్ ఖిదిర్‌పూర్‌కి బయల్దేరింది ఇక్కణ్ణుంచే. (మన మద్రాసు అంతకు ఏడేళ్ల ముందే నడిపింది లెండి. 1953లో ఆపేసింది కూడా!) 1938 నాటి ట్రామ్ పెట్టెనే మ్యూజియంగా మార్చారు. సత్యజిత్ రాయ్ ‘మహానగర్’ మొదలయ్యేదే ట్రామ్ కరెంటు తీగ మీద. అంతటి బండిని ఒక్క మైదాన్ దారిలో ఉంచి తక్కినచోట్ల ఆపేస్తామని 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది.

మా దగ్గరున్న ఆధారం ఒకే ఒక్క పాత ఫోటో. నాలుగు ఇనుప స్తంభాలు, రేకుల కప్పు, పొడుగాటి బల్ల, ఒక గొడుగు మనిషి. కొలతలేవీ? మావాడు తెలివైనవాడు. ట్రామ్ పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, దానికి తిరుగులేదు. అడుగుకి అరంగుళం లెక్కన, అంటే ఇరవై నాలుగో వంతుకి, ఆరు సెంటీమీటర్లకి వెంట్రుకవాసి తక్కువ. ఫోటోలో పట్టాలు కొలిచి ఆ లెక్కనే షెడ్డంతా గీసేశాడు. లాడ్జి గదిలో రెండు రాత్రులు అట్ట కోసి, జిగురు పెట్టి నిలబెట్టాం. లోపల అట్ట మనిషిని పెడితే తల కప్పుకి కొట్టుకుంది!

తప్పెక్కడో తెల్లవారుజామున గాని తట్టలేదు. పట్టాల్ని కొలిచింది ఫోటో అడుగున, కెమెరాకి దగ్గరగా. షెడ్డేమో దూరంగా వుంది. అక్కడికొచ్చేసరికి పట్టాలు సన్నబడవూ! షెడ్డు పక్కనే వున్నచోట మళ్లీ కొలిస్తే కప్పు లేచింది, గొడుగు మనిషీ సరిపోయాడు. రెండు రాత్రుల పని చెత్తబుట్టకి. మావాడి మొహం చూడలేకపోయాను.

మూడోరోజు సాయంత్రం కొత్త నమూనా పట్టుకుని టీకొట్టు దగ్గర నిలబడితే, మట్టి ముంతలో టీ తాగుతున్న పెద్దాయన తొంగి చూశాడు. రిటైరైన ట్రామ్ కండక్టరట. సగం హిందీ, సగం బెంగాలీ.

"బల్ల మధ్యలో ఎందుకు అరిగింది?" అన్నాడు. అందంగా వుంటుందని అక్కడే రంగు గీకామన్నాం.

ఆయన నవ్వాడు. "బండికి రెండు పెట్టెలు బాబూ. ముందుది ఫస్టు క్లాసు, ఫ్యాన్లుంటాయి. వెనకది సెకండు క్లాసు, టిక్కెట్టు తక్కువ. ఎవరి పెట్టె ఆగేచోట వాళ్లు నిలబడేవాళ్లు. మధ్యలో ఎవరుంటారు?"

మావాడు అక్కడికక్కడే కుంచె తీసి మధ్యలో రంగు పూశాడు. రెండు కొసలూ గోటితో గీకాడు. పెద్దాయన అట్ట మనిషిని రెండు వేళ్లతో ఎత్తి, మావాణ్ణి ఎగాదిగా చూసి, వెనక కొసన నిలబెట్టాడు.

"నీ జీతానికి ఇక్కడే!"