పంది జ్వరమూ – నానో టీకా

ఈ వ్యాసం రాయబోతున్నానని తెలిసి కొందరు సహాధ్యాపకులు ముఖం చిట్లించారు. మన ఇండ్లలో పేరెత్తడానికే సంకోచించే జంతువుపై ఇంత శ్రద్ధ దేనికని వారి ప్రశ్న. ప్రశ్న సహజమే, కాని వ్యాధికి మన ఇష్టాయిష్టాలతో పని లేదు. 2009 మే మాసంలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట నిర్ధారణ అయినది హైదరాబాదు నగరంలోనే. అప్పుడు నేను ఉన్నత పాఠశాల విద్యార్థిని. అమ్మ చేతిరుమాలు మడిచి ముక్కుకు కట్టి బడికి పంపేది. పందుల మంద ముఖమైనా చూడని మా వీధికి ఆ జబ్బు ఏ దారిన వస్తుందో నాకు అంతుపట్టేది కాదు.

దారి ఊపిరిదే. ఆ వ్యాధి మాంసాహారం వల్ల కాక, దగ్గు తుంపరల వల్ల మనిషి నుండి మనిషికి సోకినది. అయితే ఆ వైరస్ జన్యువులు పందులలో తిరుగుతుండిన వైరస్‌లవి. పంది శ్వాసనాళంలో పక్షుల వైరస్ అంటుకొనే గ్రాహకాలూ, మనుష్యుల వైరస్ అంటుకొనే గ్రాహకాలూ రెండూ ఉన్నవి. రెండు వైరస్‌లు ఒకే కణంలో ప్రవేశిస్తే వాటి జన్యుఖండాలు కలగలిసి కొత్త వైరస్ పుట్టవచ్చు. అమెరికాలో రిచర్డ్ షోప్ పంది ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను వేరుచేసి 1931లో ప్రకటించాడు. మానవ వైరస్ 1933లో గాని చిక్కలేదు. ఈ విషయంలో మనకు మొదటి పాఠం చెప్పినది ఆ జంతువే!

పందులకు టీకాలు లేకపోలేదు. చంపిన వైరస్‌ను కండరంలోకి సూదితో ఎక్కిస్తారు. రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. శత్రువు మాత్రం ముక్కు లోపలి శ్లేష్మపొరపై దిగుతాడు. పైగా రకం మారితే టీకా పనిచేయకపోవడమే కాదు, ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తుల వ్యాధి మరింత తీవ్రమవుతుంది.

ఇక్కడనే నానోకణాల అవసరం కలిగింది. మిల్లీమీటరులో పది లక్షలవ భాగం నానోమీటరు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన రేణుకారాధ్య బృందం, శస్త్రచికిత్సలో కరిగిపోయే కుట్లకు వాడే పి.ఎల్.జి.ఎ. అనే పదార్థంతో అట్టి సూక్ష్మకణాలు చేసి, వాటిలో చంపిన వైరస్‌ను పొదిగి పందుల ముక్కులోకి ఎక్కించినది. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం జ్వరం తగ్గినది, వేరొక రకం వైరస్‌ను సైతం ఎదిరించే టి-కణాలు పెరిగినవి. కాని శ్లేష్మపొరలో ప్రతిరక్షకాలు ఆశించినంతగా పెరగలేదు. వారు నిరాశ చెందక కైటోసాన్‌ను ఆశ్రయించారు. రొయ్యల, పీతల పెంకుల నుండి తీసే పదార్థమిది. మన కోస్తా రేవులలో చెత్తగా పారవేసే పెంకులే! దానికి శ్లేష్మపొరను అంటిపెట్టుకొనే గుణమున్నది. 2018 నాటి ప్రయోగంలో ముక్కులో ఐజి-ఎ ప్రతిరక్షకాలు హెచ్చినవి, పందులు వెలువరించే వైరస్ తగ్గినది. నా దృష్టిలో ఈ చివరి ఫలితమే అమూల్యం. పంది విడువని వైరస్ మనిషిని చేరదు.

ఇవన్నీ పరిశోధనాలయంలోని కొద్దిపాటి పందులపై సాధించినవి. తల్లిపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు టీకా శక్తిని కుంటుపరచే పసిపిల్లల మాట వేరు. వేల పందులున్న కొట్టాలలో ఒక్కొక్కదానిని పట్టి ముక్కులో మందు వేసే శ్రమ, పెంపకందారు భరించగల వెల – ఈ రెండూ కూడా ఇంకా తేలవలసియున్నవి.