పదిహేను రోజుల మందు

పేదకీ గొప్పకీ మధ్య ఆరోగ్యంలో ఉన్న తేడాని తగ్గించే సత్తా దుబాయ్ హెల్త్ అథారిటీకి ఎంతుందని ఎవరైనా అడిగితే, ముందు నేను చట్టాన్నే చూపిస్తాను. 2013లో వచ్చిన 11వ నంబరు చట్టం ప్రతి ఉద్యోగికీ ఆరోగ్య బీమా తప్పనిసరి చేసింది. ప్రీమియం యజమానే కట్టాలి, జీతంలోంచి కోయకూడదు. నెలకి 4,000 దిర్హాముల లోపు జీతం వాళ్ళకి బేసిక్ ప్లాన్ ఉంది. షార్జా, అజ్మాన్ వైపు ఈ నియమం 2025 జనవరిలో గానీ రాలేదు. ఒకప్పుడు జ్వరమొస్తే పారాసిటమాల్ కొనుక్కుని లేబర్ క్యాంపుకి వెళ్ళిపోయే మన తెలుగువాళ్ళు ఇప్పుడు కరామాలో నా మందుల షాపు కౌంటర్ ముందుకి డాక్టరు చీటీతో వస్తున్నారు. ఇది చిన్న మార్పు కాదు.

కానీ ఫార్మసిస్టుగా నాకు కనిపించే చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బేసిక్ ప్లాన్‌లో మందుల బిల్లులో 30 శాతం రోగే పెట్టుకోవాలి. జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. డాక్టరు నెలకి రాస్తే, ఆయన వాటా ఎంతో చెప్పగానే, "అక్కా, పదిహేను రోజులయే ఇయ్యి. జీతం పడ్డంక మిగిలినయి తీస్కపోత" అన్నాడు. కత్తెరతో స్ట్రిప్పులు సగానికి కత్తిరించి ఇచ్చాను. ఆయనుండేది సోనాపూర్ క్యాంపు, సెలవు వారానికొక్క రోజు. మళ్ళీ వచ్చేసరికి నెల దాటింది. మధ్యలో ఏం చేశావన్నా అంటే, రెండు పూటలది ఒక్క పూటే వేసుకున్నాడట. డాక్టరు హిందీలో చెప్పినప్పుడు మాత్రం అన్నిటికీ తలూపాడు. తలూపితే అర్థమైనట్టు కాదు, అందుకే తెలుగువాళ్ళ చేత మోతాదు ఒకసారి తిరిగి చెప్పించుకుంటాను. ఎంత రద్దీ ఉన్నా ఆ పని మానను.

ఆ సగం స్ట్రిప్పుల లెక్క నా దగ్గరే ఆగదు. దుబాయ్‌లో ప్రతి బీమా క్లెయిమూ హెల్త్ అథారిటీ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-క్లెయిమ్‌లింక్ ద్వారానే వెళ్తుంది. ఏ ప్లాన్ వాళ్ళు రాసిన మందులో ఎంత తీసుకున్నారో చెప్పగల సమాచారం అది. ఏ ఆరోగ్య శాఖకైనా ఇంతకంటే పెద్ద బలం ఏముంటుంది? రాసిన మందులో సగమే తీసుకున్నవాళ్ళెవరని అందులో వెతికితే మా మేస్త్రీ లాంటివాళ్ళు బయటపడతారు. అసలు క్లినిక్ గడపే తొక్కనివాళ్ళు మాత్రం ఏ క్లెయిమ్‌లోనూ కనబడరు. వాళ్ళ కోసం క్యాంపులకి వెళ్ళి రక్తం పరీక్ష చేయాల్సిందే.

సంకల్పముంటే అథారిటీ వాళ్ళు ఏం చేయగలరో చూశాం. రొమ్ము, గర్భాశయ ముఖద్వార, పెద్దపేగు క్యాన్సర్లకి బస్మా పథకం పెట్టి బేసిక్ కార్డువాళ్ళనీ ఆదుకుంటున్నారు. షుగర్, బీపీ మాత్రలకీ ఆ చెయ్యి అందించాలి. వాటి మీద 30 శాతం వాటా తీసేయాలి, నిలకడగా ఉన్నవాళ్ళకి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వనివ్వాలి. కిడ్నీలు పోయాక డయాలసిస్‌కి అయ్యేదాంతో చూస్తే ఈ మాత్రల ఖర్చు ఏపాటిది?