తుడిచే ముందు చూపించండి

వాకిట్లో మరక కనిపిస్తే మనమేం చేస్తాం? చెంబుడు నీళ్ళు పోసి, చీపురుతో నాలుగుసార్లు రుద్ది కడిగేస్తాం. నేనూ అదే చేశాను. కాకపోతే అమెరికాలో చేశాను. దానివల్ల ఎంత పనయ్యేదో మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

2018 మార్చిలో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళుండేది అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్. ఎండల్లో మన రెంటచింతలకి అక్కలాంటి ఊరు! మరిదిగారికి పాత ఉద్యోగం పోయి, కొత్తది దొరికి నెలే అయింది. ఉన్నది ఒక్కటే కారు, 1999 మోడల్. చికాగో నుంచి వచ్చిన ఒకరి దగ్గర చవగ్గా కొన్నారు.

పొద్దున్నే ఆయన కారు తీశాక, అది నిలబెట్టిన చోట రూపాయి బిళ్ళంత ఎర్రమరక కనిపించేది, పారాణి చిందినట్టు. వచ్చి పది రోజులు కాలేదు, కారు సంగతి నాకెందుకులే అని సబ్బుపొడి వేసి కడిగేసేదాన్ని. చెల్లెలికి కూడా చెప్పలేదు.

ఒక శనివారం గ్రాండ్ కాన్యన్‌కి బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం, మాగాయ కట్టుకున్నాం. ఊరు దాటితే దారి పొడుగునా మనిషికి నాలుగైదింతల ఎత్తున చేతులు పైకెత్తినట్టున్న సాగువారో జెముళ్ళు. పైకి పోతున్నకొద్దీ అవి తగ్గిపోయి గడ్డిమైదానాలొచ్చాయి. ఇంచుమించు 145 కిలోమీటర్లు పోయాక క్యాంప్ వర్డీ అనే చిన్న ఊరు. దాని దగ్గర్లోనే మాంటెజుమా కాజిల్ ఉంటే భోజనానికి ఆగాం.

పేరుకి కోట గానీ అది రాతికొండ చరియలో, నేలకి 90 అడుగుల ఎత్తున కట్టిన ఇల్లు. అయిదంతస్తులు, ఇరవై గదులు. ఎనిమిది వందల ఏళ్ళకి పైబడిన క్రితం సినాగ్వా అనే జనం కట్టుకున్నారట. మాంటెజుమా రాజుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, చూసినవాళ్ళు పొరపాటున పెట్టిన పేరు. 1951 నుంచి లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు, కింద నుంచే చూడాలి. పక్కన వాగు పారుతోంది. ఆ వాగు నీళ్ళు కుండల్లో పట్టుకుని నిచ్చెనలెక్కిన ఆడవాళ్ళని తలుచుకుంటే, మోటారు పాడైన రోజున రెండంతస్తులు మోసి విసుక్కునే నేను సిగ్గుపడ్డాను.

తిరిగొచ్చేసరికి కారు కింద అదే ఎరుపు. ఈసారి రూపాయి బిళ్ళంత కాదు, విస్తరంత! ఇక ఉండబట్టలేక, "మరిదిగారూ, ఇది ఇంటి దగ్గర కూడా రోజూ పడుతోందండీ" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. "వదినగారూ, ఇది గేరుబాక్సు ఆయిలు" అన్నారు. బండి కదపకుండా ఫోను చేస్తే, లారీ మీద ఎక్కించుకుని క్యాంప్ వర్డీలో గ్యారేజీకి చేర్చారు.

అక్కడి పెద్దాయన కారు పైకెత్తి మాకు చూపించాడు. గేర్లు వాటంతటవే మారే కారులో ఆ ఆయిలు బాగా వేడెక్కుతుందట. చల్లబరచడానికి ఒక సన్నటి ఇనుప గొట్టం ముందున్న రేడియేటర్‌కి తీసుకుపోతుంది, ఇంకొకటి వెనక్కి తెస్తుంది. అందులో ఒకటి తుప్పు పట్టి చిల్లిపడింది. చికాగోలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆవకాయ జాడీలో ఇనుప గరిటె వదిలేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా, ఇదీ అంతే!

అక్కడి నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కి అంతా ఎక్కుడే. 960 మీటర్ల నుంచి 2,100 మీటర్లకి ఎక్కాలి. ఆయిలు లేకుండా ఎక్కితే గేరుబాక్సే కాలిపోయేది, వేల డాలర్లు అయ్యేదన్నాడు. "ముందే ఎవరూ మరక చూడలేదా?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను.

పాడైన ముక్క కోసి రబ్బరు గొట్టం, క్లిప్పులు వేస్తే ఇంటికి చేరతారు, కానీ రెండోదీ తుప్పు పట్టింది, రెండూ కొత్తవి వేస్తే నిశ్చింత అన్నాడు. మరిదిగారు జేబు తడుముకుంటున్నారు. మావారు అవసరానికి ఉంచుకోమని నా పర్సు అరలో పెట్టిన రెండు వంద డాలర్ల నోట్లు తీసి చెల్లెలి చేతిలో పెట్టాను. వద్దు వద్దంటూనే తీసుకుంది. పాత గొట్టం వంపులు చూసుకుంటూ కొత్తది వంచి, కొసలు సాగదీసి బిగించాడు. ఆయిలు పోసి, ఇంజను నడుస్తుండగానే పుల్లతో కొలిచి, కింద తెల్లకాగితం పరిచి అరగంట ఉంచాడు. కాగితం మీద చుక్క పడలేదు. నాకు అప్పుడే ఊపిరి ఆడింది.

ఆ రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉండి, మర్నాడు గ్రాండ్ కాన్యన్ చూశాం. 446 కిలోమీటర్ల పొడుగు, మైలుకి పైగా లోతు. ఫీనిక్స్‌లో ఉక్క, ఇక్కడ చెట్ల నీడన ఇంకా మంచు! ఎరుపు, కాషాయం, ఊదా రంగు రాళ్ళు చూస్తూ నోట మాట రాలేదు. మరిదిగారు పక్కకొచ్చి, "వదినగారూ, ఇక మీదట మీరు ఏ మరక చూసినా తుడిచే ముందు నాకు చూపించండి" అన్నారు. నవ్వుతూనే అన్నా, నాకు కళ్ళు చెమర్చాయి.

అందుకే మీకూ చెబుతున్నా. కారు కింద ఉత్త నీళ్ళయితే ఏసీవి, భయం లేదు. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిలు. ఎర్రగా జిడ్డుగా ఉంటే గేరుబాక్సుది కావచ్చు, వెంటనే చూపించాలి. నీళ్ళ రబ్బరు గొట్టం దానికి పనికిరాదు, ఆయిలుకి మెత్తబడిపోతుంది. కారు గురించి మనకేం తెలుసని ఊరుకోకండి. నేలమీది మరక ముందుగా పడేది మన కంటికే కదా!