బోటు తాడు, ఇంటి తాడు



పోయిన వారం రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా గురించి రాస్తే, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, సముద్రం ఒడ్డంటే మత్స్యకారులే కదా, అక్కడ మనవాళ్ళకేం పని?" అతను అలా అనుకోవటంలో వింత లేదు. తుఫాను వచ్చిన ప్రతిసారీ టీవీలో కనిపించేది ఒడ్డున వరసగా పెట్టిన బోట్లు, పక్కన నిలబడి మాట్లాడే యజమాని. ఆ బోటు నీళ్ళలోంచి అక్కడిదాకా ఎలా వచ్చిందని ఏ విలేకరీ అడగగా నేను వినలేదు. కాబట్టి ఈ భాగం బోట్ల గురించి.

మాది దివిసీమ. నాగాయలంక దాటి సముద్రం వైపు పోతే వస్తుంది మా ఊరు. బోట్లు అగ్నికుల క్షత్రియులవి. పొలాలూ చెరువులూ పెద్దకులాలవి. మా మాదిగపేటకి ఉన్నవి రెక్కలు. తుఫాను కబురు రాగానే ఈ మూడు పక్కల నుంచీ ఆ రెక్కల కోసమే మనుషులు వస్తారు.

బోటు సర్దటం అంటే ఏమిటో ముందు చెప్తాను, ఎందుకంటే దీన్ని పనితనం కింద ఎవరూ లెక్కెయ్యరు. మొదట దించేది ఇంజన్. ఫైబర్ బోటు వెనక అమరం దగ్గర బిగించిన ఇంజన్ని విప్పి, వాసానికి కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని యజమాని ఇంటికి మోస్తారు. మంచినీళ్ళతో కడిగి, గోనెపట్టా మీద పెడతారు. తర్వాత వలలు. తడిసిన వల ఎంత బరువుంటుందో మోసినవాణ్ణి అడగాలి. ఐసు పెట్టెలు, డీజిలు క్యాన్లు కూడా దిగాక ఖాళీ బోటు మిగులుతుంది. అప్పుడు తాటి దుంగలు పరిచి, వాటి మీద దొర్లించుకుంటూ పైకి లాగాలి. బోటు ముందుకి పోయేకొద్దీ వెనక మిగిలిన దుంగని పరిగెత్తుకెళ్ళి ముందు వెయ్యటం కుర్రాళ్ళ పని. పన్నెండేళ్ళప్పుడు నా మొదటి కొలువు అదే. ట్రాక్టర్లు వచ్చాక ఈ కష్టం పోయిందంటారు. గట్టినేల మీద నిజమే. బురదలో ట్రాక్టరు దిగబడితే, బోటుతో పాటు దాన్ని కూడా మేమే లాగాలి.

పైకి వచ్చిన ఫైబర్ బోటుని ఖాళీగా వదిలేస్తే గాలికి తిరగబడుతుంది. అందుకని లోపల ఇసుక బస్తాలు వేస్తారు.

లాగటానికి వీలుకాని పెద్ద బోట్లని పాయల్లోకి, మడచెట్ల మధ్యకి తీసుకెళ్ళి కడతారు. అలల దెబ్బ ముందు మడ అడవే కాస్తుంది. తాడు పట్టేవాడి చెయ్యేమిటో ఇక్కడ తెలుస్తుంది. తాడు బిగించి కట్టకూడదు. నీళ్ళు లేస్తే వాటితో పాటు బోటు కూడా లేవాలి. బిగిస్తే తాడన్నా తెగుతుంది, బోటన్నా ఒరిగి నీళ్ళు తాగుతుంది. మరీ వదిలేస్తే పక్క బోటుని గుద్దుతుంది. ఒక చెట్టుని నమ్ముకోకుండా నాలుగు వైపులా కట్టాలి. బోటు అంచుకి తాడు ఒరుసుకునే చోట పాత సైకిల్ ట్యూబో గోనెముక్కో చుట్టకపోతే, రాత్రంతా రాసుకుని తెల్లారేసరికి తెగిపోతుంది. బోటుకీ బోటుకీ మధ్య పాత టైర్లు వెయ్యాలి. తాడు ఎంత వదలాలన్నది ఎవరూ కాగితం మీద రాయలేదు. మా నాన్న తాడుని పిడికిట పట్టి ఒకసారి లాగి చూసి, "ఇంకో బార వదులు" అనేవాడు. ఆ మాటకి యజమానులు కూడా ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

నాన్నకి ఏనాడూ బోటు లేదు. కానీ ఆయన కోసం మా గుమ్మం ముందుకి మనిషి వచ్చేవాడు. నాన్న వయసులో సగం ఉన్న యజమాని కొడుకు గుమ్మం అవతల నిలబడి "ఏరా, వత్తన్నావా లేదా?" అంటే, "వత్తన్నా బాబూ" అని నాన్న తలపాగా చుట్టుకునేవాడు. పనితనానికి గౌరవం తాడు దగ్గరే ఆగిపోయేది, మనిషి దాకా వచ్చేది కాదు. లాగేటప్పుడు "ఐలెస్సా" అని అందరం ఒకే గొంతుతో అరిచేవాళ్ళం. అరుపు అయ్యాక టీ దగ్గర మా గ్లాసులు వేరు. ఇప్పుడు అందరికీ కాగితం గ్లాసులే. కాగితం గ్లాసు కనిపెట్టినవాడెవడో గానీ మా పేట తరఫున వాడికో దండం.

మాకు తుఫానులు ఎక్కువగా వచ్చేవి అక్టోబరు, నవంబరు నెలల్లో. వరి పొట్టమీదో ఈనికలోనో ఉండేది కూడా అప్పుడే. బోటు దగ్గర ఉండగానే ఆసామి కబురు పంపేవాడు, డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తియ్యాలని. ఇప్పుడైతే చెరువు గట్టుకి బస్తాలెయ్యాలని ఫోన్లు. ఇవన్నీ అయ్యాక మా ఇల్లు.

బోటు పనికి చేతిలో పడే డబ్బు తక్కువ. కొంత తర్వాత వేట సాగినప్పుడు చేపల రూపంలో వచ్చేది, కొంత పనికిరాని వలల రూపంలో. ఆ చిరిగిన వలనే మా తాటాకు ఇంటి మీద కప్పి, మూలలకి ఇటుకలు వేలాడగట్టేది అమ్మ. నాన్న పాయలో ఎవరి బోటుకో తాడు వదులుతూ ఉండేవాడు కాబట్టి, అమ్మ ఒక్కతే చేసుకునేది. తాడు చాలకపోతే చీర చింపేది. బోటుకి నైలాన్ తాడు, మా ఇంటికి చీర పేలిక.

1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు నాన్నకి ఇరవై రెండేళ్ళు. తాడిచెట్టుని కావలించుకుని బతికాడు. మట్టిగోడల ఇళ్ళు కాబట్టి పేటలో తెల్లారేసరికి గోడ అన్నది లేదు. పదివేల మందికి పైగా పోయిన ఆ రాత్రి గురించి పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాన్న మాత్రం ఒక్క సంగతే మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. పొలాల మధ్య ఒరిగిపడున్న బోట్లని లాగి మళ్ళీ నీళ్ళలో పెట్టటానికి కూడా పిలిచింది మా పేటనే అని. అప్పటికి మేం మా శవాలని ఇంకా వెతుక్కుంటున్నాం.

ఇక కాగితాల సంగతి. తుఫాను వెళ్ళాక నష్టం రాసుకోవటానికి వస్తారు. 2022–26 కేంద్ర విపత్తు సాయం నిబంధనల ప్రకారం, పూర్తిగా పోయిన బోటుకి 15 వేలు, పూర్తిగా పోయిన వలకి 4 వేలు. లక్షలు పోసి కొన్న ఫైబర్ బోటుకి పదిహేను వేలంటే మత్స్యకారులకి జరిగేది కూడా అన్యాయమే, దాని మీద వాళ్ళు చేసే పోరాటంలో నేను వాళ్ళ పక్కనే ఉంటాను. కానీ తక్కువో ఎక్కువో, ఆ పట్టికలో బోటుకి ఒక గడి ఉంది. బోటుని లాగినవాడికి లేదు. బియ్యం కూడా అంతే. మత్స్యకార, చేనేత కుటుంబాలకి 50 కేజీలు, మిగతావాళ్ళకి 25 కేజీలు ఇవ్వటం మన దగ్గర ఆనవాయితీ. ఆ యాభై తగ్గించమని నేను అనను. తుఫాను ముందు రెండు రోజులు బోటు దగ్గరే ఉన్న మనిషి, తుఫాను తర్వాత "మిగతావాళ్ళు" ఎలా అయ్యాడన్నదే నా ప్రశ్న.

మా చిన్నాన్న ఒకసారి ధైర్యం చేసి పాత చిన్న పడవ కొన్నాడు, పాయలో పీతలు పట్టుకోవటానికి. డబ్బు ఇచ్చాడు గానీ కాగితం పాత యజమాని పేరు మీదే ఉండిపోయింది. గాలివానకి పడవ పగిలింది. సాయం కాగితంలో ఉన్న పేరుకి వెళ్ళింది. ఆ పాత యజమాని ఆ డబ్బులో సగం తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టాడు. మంచివాడే. సగమెందుకు అని చిన్నాన్న అడగలేదు. ఆ సగం ఇచ్చినందుకు ఏడాదిపాటు వాళ్ళ బోటు ఉత్తినే లాగాడు.

2025 అక్టోబరులో మొంథా వస్తోందని తెలిసినప్పుడు, మా పేటలో డిగ్రీ చదివే ఇద్దరు పిల్లల్ని ఒక నోటుబుక్కు ఇచ్చి పాయ గట్టున కూర్చోబెట్టాను. మొంథా 28వ తేదీ రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. దానికి ముందు రెండు రోజులూ వాళ్ళు రాశారు: లాగటానికి వచ్చిన మనిషి పేరు, ఎవరి బోటు, ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి వెళ్ళాడు. నాలుగు గడులు నేను గీసిచ్చాను. అయిదో గడి ఆ పిల్లల్లో ఆడపిల్ల చేర్చింది: "ఈలోపు వాళ్ళ ఇంటికి తాడు ఎవరు కట్టారు?" నాకు తట్టనిది ఆ పిల్లకి తట్టింది. ఆ గడి నిండా ఆడవాళ్ళ పేర్లే, రెండు చోట్ల పదేళ్ళ పిల్లల పేర్లు.

ఒక యజమాని "మా మీద కేసు పెడతారా ఏందిరా?" అని గట్టు మీదే గొడవ చేశాడు. ఇంకో ముసలాయన మాత్రం పుస్తకం అడిగి తీసుకుని, "వీళ్ళు రాకపోతే నా బోటు లేదు, రాసుకోండి" అని కింద సంతకం పెట్టాడు. మా కాగితాల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఆ సంతకమే.

ఆ పేర్లతో అర్జీ పెట్టాం. తుఫాను పనికి రోజుకూలీ కట్టి ఇవ్వాలి, హెచ్చరిక రాగానే తాటాకు ఇంటికి ఒక తాడూ ఒక టార్పాలినూ ఇంటికే రావాలి అన్నది మా కోరిక. తీసుకున్న అధికారి పేజీలు తిప్పి, "బోటు నంబరు ఏది?" అన్నాడు. "మాకు బోట్లు లేవు సార్, మనుషుల నంబర్లున్నాయి" అని ఆధార్ జిరాక్సులు ముందు పెట్టింది అదే పిల్ల. నకలు మీద ముద్ర వేసి ఇచ్చారు. ఇప్పటికి మా చేతిలో ఉన్నది ఆ ముద్రే.

బాపట్ల, కాకినాడ, శ్రీకాకుళం తీరాల్లో మీ పేటలుంటే, ఈసారి హెచ్చరిక రాగానే ఒక పుస్తకం పెట్టండి. పేరు, బోటు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, ఇంటికి తాడు కట్టినవాళ్ళు. యజమాని సంతకం దొరికితే తీసుకోండి, దొరక్కపోతే ఫోటోలో బోటు నంబరు కనిపించేలా చూడండి. మా అర్జీ నమూనా కావలసినవాళ్ళు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.

వచ్చే వారం తుఫాను షెల్టర్ల గురించి. వాటిని ఊళ్ళో ఎవరి వీధిలో కట్టారో, తాళంచెవి ఎవరి ఇంట్లో ఉంటుందో మీరూ ఈలోపు మీ ఊళ్ళో ఒకసారి చూసి రండి.