యుద్ధం ఆగినా తెరవని గేటు



మొన్న మల్దకల్‌ సండే స్కూల్లో హేరోదు కథ చెప్తుంటే ఒక పాప అడిగింది: "పాస్టరయ్యా, చిన్నపిల్లలంటే రాజుకు భయమెందుకు?"

నాకు 1962 గుర్తొచ్చింది. చైనాతో యుద్ధమప్పుడు మన దేశంలోని చైనా సంతతివాళ్లను, అస్సాం, డార్జిలింగ్ వైపు నుంచి, పిల్లాజెల్లాతో సహా రైలెక్కించారు. రాజస్థాన్‌లో, ఒకప్పుడు యుద్ధఖైదీలను ఉంచిన దేవలీ శిబిరంలో పెట్టారు. దాదాపు 3,000 మంది. విచారణ లేదు. చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. యుద్ధం నెలరోజుల్లో ఆగింది. కొందరు మాత్రం నాలుగేళ్లు దాటినా లోపలే ఉన్నారు.

పాపకు ఆరోజు జవాబు చెప్పలేకపోయాను. ఈ ఆదివారం చెప్తాను: భయం రాజులకే కాదమ్మా, మనకూ వస్తుంది. అప్పుడు పక్కింటి బిడ్డ కూడా శత్రువులా కనిపిస్తాడు.

సైనికుల కోసం ప్రార్థిస్తాం, మంచిదే. ఆ పిల్లల కోసం ఎప్పుడైనా మోకరించామా?